డాలు కొరికే సిపాయి

ఏప్రిల్ 9

అక్కా,

ఈ ఉత్తరం వెనకే చిన్న అట్టపెట్టె ఒకటి వస్తుంది. అందులో దూది కింద మూడు వెండి నాణేలుంటాయి. దూది చూసి మందులనుకుని మీ ఆస్పత్రివాళ్లు స్టోరుకి పంపేస్తారేమోనని ముందే చెబుతున్నాను. ఇంటికి రాద్దామంటే తలుపు తీసేది బావ. ఫోను చేద్దామంటే అది ఉన్నది బావ కుర్చీ పక్కన. సొంత అక్కతో రెండు ముక్కలు మాట్లాడాలన్నా తొమ్మిదేళ్లుగా జ్వరాల వార్డు మీదుగా రావలసి వస్తోంది.

ఏడాదిగా నా చేతిలో ఉన్న పని ఇదే. ఎక్కడో సముద్రపు ఒడ్డున ఇసుకలో పాత చదరంగం పావులు దొరికాయట, ఎనిమిది వందల ఏళ్ల నాటివి. వాటిని చూసి వెండి నాణేలు చేయాలని మా టంకశాల నిర్ణయించింది. కొనుక్కుని ఖర్చుపెట్టేవి కావు, పెట్టెలో దాచుకునేవి. మొత్తం ఆరు. మొదటి మూడింటికి అచ్చులు చెక్కింది నేనే.

మొదటిది రాజు. ఒళ్లో కత్తి పెట్టుకుని, ఎవరో అప్పగించి వెళ్లిన సామానుకి కాపలా కూర్చున్నట్టుంటాడు. రెండోది మనం మంత్రి అంటాం, వాళ్లు రాణి అంటారు. మూడోది మన ఏనుగు. కానీ ఆ పావుల్లో ఏనుగు లేదు. కాలినడకన నిలబడ్డ సిపాయి ఉంటాడు, కోపం పట్టలేక తన డాలు అంచు తనే కొరుకుతుంటాడు.

ఆ మూడోదాన్ని భూతద్దం పెట్టి చూడు. ఎవరైనా గుర్తొస్తే నీలో నువ్వే నవ్వుకో, పైకి అనకు.

నేను బాగానే ఉన్నాను. కింది వాటా ఆవిడ సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆవిడా బాగానే ఉంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 20

చిన్నోడికి,

పెట్టె చేరింది. నువ్వన్నట్టే స్టోరుకి వెళ్లి, రిజిస్టర్లో "దూది, ఒకటి" అని ఎక్కి, నాలుగు రోజుల తరువాత నా బల్ల మీదకి వచ్చింది.

రాజు బాగున్నాడు. ఆ మంత్రో రాణో, ఆవిడ చెంపన చెయ్యి పెట్టుకుని ఎందుకలా కూర్చుంది? వార్డులో ఇద్దరు నర్సులకి చూపిస్తే ఇద్దరూ పంటినొప్పే అన్నారు. ఒకతె మాత్రం "మీరు డ్యూటీ చార్టు వేసేటప్పుడు అచ్చం ఇలాగే ఉంటారు సిస్టర్" అంది. దానికి వచ్చేవారం చార్టులో జవాబు చెప్పాను.

మూడోదాన్ని చూశానురా. గుర్తొచ్చారు. కళ్లు చెమ్మగిల్లి నాణెం కనబడలేదు. ఆ ముక్కు, ఆ కనుబొమలు, ముక్కు పక్కన ఆ పులిపిరి. మనిషిని తొమ్మిదేళ్లు చూడకుండా అంత గుర్తు పెట్టుకుని చెక్కడమంటే లోపల ఎంత ఉండాలి? నోటితో చెప్పలేనిది ఉలితో చెప్పావు. నీ క్షమాపణ నాకు చేరింది. ఆయనకి చేర్చడం నా బాధ్యత.

అందుకే ఇంటికి తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఎవరు చేశారో చెప్పలేదు, ఆస్పత్రిలో ఎవరో ఇచ్చారన్నాను. మీ బావ కళ్లజోడు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. "ఎవరో పౌరుషం ఉన్నవాడు" అన్నారు. చొక్కా జేబులో వేసుకుని ఆఫీసుకి పట్టుకెళ్లి అందరికీ చూపించారట. తూనికలు కొలతల శాఖలో పౌరుషం చూసి ఎన్నాళ్లయిందో, వాళ్లూ మెచ్చుకున్నారట.

ఒకటి రెండు నెలల్లో మీ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడతాను. చూస్తూ ఉండు.

అక్క


ఏప్రిల్ 29

అక్కా,

ఏ క్షమాపణ? నేనెవరికీ క్షమాపణ పంపలేదు.

డాలు కొరకడం పౌరుషం కాదక్కా, పిచ్చికోపం. ఎదుటివాణ్ణి కరవలేక చేతిలో ఉన్న చెక్క కరుస్తున్నాడు వాడు. దానికి ఎవరి ముఖం సరిపోతుందా అని ఆలోచిస్తుంటే ఒక్క ముఖమే వచ్చి ఎదురుగా కూర్చుంది. నువ్వు నవ్వుతావని పంపాను. నువ్వేమో కన్నీళ్లు పెట్టుకుని, దాన్ని తీసుకెళ్లి ఆయన జేబులోనే వేశావు.

తొమ్మిదేళ్ల కిందట చదరంగం బల్ల దగ్గర ఏం జరిగిందో నువ్వు మరిచిపోయినట్టున్నావు. ఆయన గుర్రాన్ని ముట్టుకున్నాడు. పైకెత్తాడు కూడా. అది కదిపితే మంత్రి పోతుందని తెలిశాక మళ్లీ అక్కడే పెట్టి, "ముట్టుకోలేదు, గళ్లో వంకరగా ఉంటే సర్దాను" అన్నాడు. ముట్టిన పావు కదపాలన్నాను. సర్దానన్నాడు. అప్పుడు నేనన్న మాట నిజమే, కాదనను. "ఊళ్లో అందరి తూకాలూ పట్టుకునేవాడికి ఇంట్లో తూకం తప్పింది" అన్నాను. దానికి బల్ల మూసేసి లేచి వెళ్లినవాడు ఇంతవరకు మాట్లాడలేదు. క్షమాపణ ఎవరు చెప్పాలి?

ఇంకో సంగతి, ఇది నీలోనే ఉంచుకో. పై కమిటీ ఆమోదించిన ప్లాస్టరు నమూనాలో ఆ పులిపిరి లేదు. నమూనాని యంత్రం ఉక్కు మీదకి చిన్నదిగా దించుతుంది. ఆ తరువాత సన్న ఉలితో తుది మెరుగు పెట్టేది నేను. పులిపిరి అప్పుడు మొలిచింది, కనుబొమలు కూడా. చీమ తలంత మార్పు. అయినా ఆమోదించిన దానిని మార్చడం మా దగ్గర పెద్ద తప్పు.

అందుచేత ఆ నాణెం ఎలాగైనా వెనక్కి తీసుకో. మరీ ముఖ్యంగా ఆయన దాన్ని కాటా మీద పెట్టకుండా చూడు. కాటా మీద పెట్టినది ఏదీ ఆ మనిషి మళ్లీ మామూలుగా చూడలేడు.

తమ్ముడు


మే 6

ఒరేయ్,

నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే కాటా ఎక్కింది.

మూడుసార్లు తూచారు. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, నన్ను ఊపిరి నెమ్మదిగా తీసుకోమని. నాణెం మీద అచ్చు వేసిన బరువుకి నలభై మిల్లీగ్రాములు తక్కువ. నలభై మిల్లీగ్రాములంటే ఎంతో మా వార్డులో నాకు తెలుసు, మాత్రలో మూలన రాలిపోయే పొడి. ఆయనకి మాత్రం దొంగతనం. నమ్మకం చాలక దుకాణంలో అదే నాణెం ఇంకో రెండు కొనుక్కొచ్చారు. అవీ అంతే. దాంతో మీ టంకశాలకి ఫిర్యాదు రాశారు, నాలుగు ప్రతులు. నువ్వు వద్దని రాసిన ఉత్తరం ఇటు వస్తుంటే, ఆయన ఫిర్యాదు అటు వెళ్తోంది. దారిలో ఏ తపాలా సంచిలోనో రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి.

ఇక నీ సంగతి. నా మొగుడు ఆ బొమ్మ చూసుకుని మురిసిపోతుంటే నువ్వక్కడ కూర్చుని నవ్వుకుందామనుకున్నావన్నమాట. నన్ను కూడా నవ్వమన్నావు. రోజూ ఆయన జేబు తడుముకుని నాణెం ఉందో లేదో చూసుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోతున్నాను. ఆయన గుర్రాన్ని ముట్టుకున్నారో సర్దారో నాకు తెలియదు. నేనప్పుడు మీ ఇద్దరికీ టీ పెడుతున్నాను. తీసుకొచ్చేసరికి నువ్వు గేటు దగ్గర, ఆయన పెరట్లో. రెండు కప్పులూ నేనే తాగాను. తొమ్మిదేళ్లుగా తాగుతూనే ఉన్నాను.

వార్డులో మంచాలు చాలడం లేదు. ఇంతకన్నా రాసే ఓపిక లేదు.

అక్క


మే 19

అక్కా,

నవ్వుకుందామనుకున్న మాట నిజం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

బావ ఫిర్యాదు వచ్చింది. అలాంటి ఫిర్యాదు మా టంకశాల ఎన్నడూ చూడలేదట. గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ, తూకపురాళ్ల సర్టిఫికెట్టు నంబరు అన్నీ ఉన్నాయి. మామూలు మనిషి రాస్తే చెత్తబుట్టలో వేసేవారు. తూనికల శాఖ ఇన్‌స్పెక్టరు రాసేసరికి ముగ్గురితో విచారణ సంఘం వేశారు.

బరువు సంగతి నాది కాదు. వెండి బిళ్లలు కోసేది వేరే గది, నేను వాటి మీద పడే బొమ్మకే బాధ్యుణ్ణి. కానీ విచారణ అన్నాక అన్ని కాగితాలూ తీస్తారు కదా. ఆమోదించిన నమూనా బయటికి తీశారు. పక్కన నాణెం పెట్టారు. సంఘంలో ఒకాయన చర్మవైద్యుడి తండ్రి. ఆయన కంట్లో మొదట పడింది పులిపిరే.

"ఇది ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగారు. "ఉక్కులో గరుకు అయి ఉంటుందండీ" అన్నాను. "గరుకు కనుబొమల మీద కూడా వచ్చిందా?" అన్నారు.

నా పనిముట్ల బీరువా తాళాలు తీసేసుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా రోజూ ఎనిమిదింటికి ఆ బీరువా తెరిచాను. ఇప్పుడు ఎనిమిదింటికి వెళ్లి, సంతకం పెట్టి, గోడవారన బల్ల మీద కూర్చుంటున్నాను. దారిన పోయే ప్రతివాడూ "ఇంకా ఏం తేల్లేదా?" అని అడుగుతాడు. తేలితే ఉద్యోగం ఉండదని వాడికీ తెలుసు. మిగిలిన మూడు నాణేలు, గుర్రం, శకటం, బంటు, ఇంకొకరికి ఇచ్చేశారు. అతను గుర్రానికి మేక కాళ్లు చెక్కుతున్నాడు.

ఫిర్యాదు లేకపోతే విచారణ లేదు. బావ చేత వెనక్కి తీసుకునేలా చెయ్యి. నా పేరు ఎత్తకు. ఎత్తితే ఇంకో నాలుగు ప్రతులు రాస్తాడు.

తమ్ముడు


మే 27

చిన్నోడా,

అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"పోనిద్దురూ, నలభై మిల్లీగ్రాములేగా, ఫిర్యాదు వెనక్కి తీసేసుకోండి" అన్నాను. "ముప్పై రెండేళ్లలో రాసింది వెనక్కి తీసుకోలేదు" అన్నారు. నా నోరు ఊరుకోదు కదా, "గుర్రాన్ని తీసుకున్నారుగా" అన్నాను.

ఆ పూట భోజనానికి రాలేదు. మర్నాడు పొద్దున వచ్చి, "నీ చేత ఎవరు చెప్పిస్తున్నారు? టంకశాలవాళ్లు ఆస్పత్రికి వచ్చారా?" అని అడిగారు. రాలేదన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, వెళ్లి రెండో ఫిర్యాదు రాశారు. ఫిర్యాదుదారుడి కుటుంబ సభ్యుల మీద ఒత్తిడి తెస్తున్నారని. అంటే నేను నీకు సాయం చేయబోయి ఇంకో మేకు కొట్టాను.

ఇప్పుడు జూన్ పదో తేదీన కాటాతో సహా హాజరు కమ్మని మీవాళ్ల దగ్గర్నించి కాగితం వచ్చింది. కాటా పెట్టెకి కొత్త పట్టీ కుట్టించుకున్నారు. అది చెక్కింది నువ్వేనని చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి కుక్కరు కూసింది. మిగతా రెండుసార్లూ ఏమీ అడ్డు రాలేదు, నాకే ధైర్యం చాలలేదు.

అక్కడ నువ్వు కనబడితే ఏమవుతుందో నాకు తెలియదు. శుభ్రమైన చొక్కా వేసుకుని వెళ్లు.

అక్క


జూన్ 11

అక్కా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆయన నీకు ఏం చెప్పాడో తెలియదు.

పొడుగు బల్లకి అటువైపు ముగ్గురు, ఇటువైపు నేను. బావ కాటా పెట్టె రెండు చేతులతో గుండెకి ఆనించుకుని లోపలికి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయిందేమిటక్కా, నువ్వెప్పుడూ రాయలేదు. నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. పెట్టె బల్ల మీద దించి, కూర్చుని, జేబులోంచి నాణెం తీసి తన ముందు పెట్టుకున్నాడు.

సంఘం పెద్దాయన నాణెం చూశాడు. బావని చూశాడు. మళ్లీ నాణెం చూశాడు. పక్కనున్న ఇద్దరూ అదే చేశారు. గదిలో గుమాస్తా కూడా రాయడం ఆపేశాడు.

"మీ ముఖం దీని మీదకి ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు పెద్దాయన.

నేను చెప్పేద్దామని లేచాను. లేచేలోపే బావ అన్నాడు, "నేనే కూర్చున్నాను. ఈయన నా భార్య తమ్ముడు. కోపంగా ఉన్న ముఖం కావాలని అడిగితే కూర్చున్నాను. పులిపిరి తీసేస్తానంటే వద్దని పట్టుబట్టింది నేనే. ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నాను. దానికి అనుమతి కావాలని నాకు తెలియదు. తప్పు నాది."

"అంటే బావమరిది చెక్కిన నాణెం మీద బావే ఫిర్యాదు చేశారా?"

"బొమ్మ మీద చేయలేదు. బరువు మీద చేశాను."

అయితే తూచి చూపించమన్నారు. బావ కాటా తీశాడు. ఫ్యాను ఆపించాడు. నాణెం పెట్టాడు. నేను ఎదురుగా కూర్చున్నాను కనుక ముల్లు నాకూ కనిపించింది. తక్కువే చూపిస్తోంది. ఆయన ముల్లు వంక చాలాసేపు చూసి, తల ఎత్తి నా వంక చూశాడు. "రైల్లో కుదుపుకి కాటా దెబ్బతిన్నట్టుంది. బయల్దేరక ముందు కూడా సరిగా లేదేమో. దీని లెక్క నేను నమ్మను. రెండు ఫిర్యాదులూ వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు.

మన కాటా తెచ్చి చూద్దామని టంకశాలవాళ్లు ఒక్కరూ అనలేదక్కా. నాలుగు అడుగుల్లో పక్కగదిలో ఉంది. ముగ్గురూ ఒకేసారి టీ తెప్పించమన్నారు. ఇవాళ పొద్దున బిళ్లలు కోసే గదిలో అరిగిన అచ్చేదో గుట్టుచప్పుడు కాకుండా మార్చేశారని విన్నాను.

నాకు మందలింపు కాగితం ఇచ్చి, తాళాలు తిరిగి ఇచ్చారు. బయటికి పరిగెత్తుకుంటూ వెళ్లాను. అప్పటికే ఆయన లేడు. కాపలా అతన్ని అడిగితే, "ఆ నాణెంలో ఆయనా? స్టేషన్ వైపు వెళ్లారు" అన్నాడు.

ఇంటికొచ్చి ఏమన్నాడు? వెంటనే రాయి.

తమ్ముడు


జూన్ 19

చిన్నోడా,

ఇంటికొచ్చి, కాటా గూట్లో పెట్టి, "కాటాలో లోపం" అన్నారు. అంతే. నీ ఉత్తరం రాకపోతే నాకు ఇంకొక్క ముక్క తెలిసేది కాదు.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు కాటా సర్టిఫికెట్టు తీసి చూశాను. ప్రయాణానికి వారం ముందు పరీక్ష చేయించిందే. దానిలో ఏ లోపమూ లేదు. చదివి అక్కడే కూర్చుండిపోయాను. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తూకం విషయంలో అబద్ధం ఆడటం ఇదే మొదలు. మా అమ్మాయి పుట్టినప్పుడు "ముద్దుగా బొద్దుగా ఉంది" అని అందరూ అంటుంటే, "సగటు కన్నా రెండు వందల గ్రాములు తక్కువ" అన్న మనిషి.

చివరికి అడిగేశాను. "అది చెక్కింది వాడని మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు ఇచ్చిన రోజే. ఆ పులిపిరి నేను రోజూ గడ్డం గీసుకుంటూ చూసేదేగా."

"తెలిసీ మురిసిపోయారా?"

"బాగా చేశాడు."

"మరి తెలిసీ ఫిర్యాదు ఎందుకు రాశారు?"

"బరువు తక్కువుంది కనుక."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కానీ అసలు సంగతి ఇది కాదు. నాలుగు రోజులుగా ఆయన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తున్నారు. ఇవాళ చూశాను. తన మీద తనే తన శాఖకి ఫిర్యాదు రాసుకుంటున్నారు. సక్రమంగా ఉన్న కాటాని చెడిందని విచారణ సంఘం ముందు అబద్ధం చెప్పానని, తగిన చర్య తీసుకోవాలని. ఆగస్టులో రిటైరవుతున్నారురా. ముప్పై రెండేళ్లు మచ్చ లేకుండా చేసి, చివరి రెండు నెలల్లో చేతులారా మచ్చ పెట్టించుకుంటారట. ఆ కాగితం వెళ్తే నీ ఫైలు కూడా మళ్లీ తెరుస్తారు.

నేను చెబితే వినరు. నేను చెప్పిన ప్రతిసారీ ఇంకో కాగితం పుడుతోంది. ఆదివారం నాకు డ్యూటీ, సాయంత్రం దాకా ఇంట్లో ఉండను. అదే మంచిది. నువ్వు రా.

అక్క


జూన్ 30

అక్కా,

నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను లేనని, బావ ఏం జరిగిందో చెప్పడం లేదని, నేను వెంటనే రాయకపోతే చంపేస్తానని రాసిన కార్డు అందింది. నాలుగింటి బండి పోతే మళ్లీ మర్నాటి దాకా లేదు, అందుకే ఆగలేదు.

తలుపు ఆయనే తీశాడు. "మీ అక్క లేదు" అన్నాడు. "మీకోసమే వచ్చాను" అన్నాను. తొమ్మిదేళ్ల కిందట ఆయన్ని నువ్వు అనేవాణ్ణి. గుమ్మంలో నిలబడేసరికి నోట్లోంచి మీరు వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి గదంతా చూసి, "ఎవరెవరికోసం? నేనొక్కణ్ణే ఉన్నాను" అన్నాడు.

లోపలికి వెళ్లాను. టీ ఆయనే పెట్టాడు. చక్కెర తూచలేదు. నేను గమనించాను.

కాగితం చూపించమని అడిగాను. దాచలేదు, ఇచ్చాడు. పదకొండు పంక్తులు. నాలుగో పంక్తిలో "సదరు చెక్కుడు పనివాడు నాకు స్వయానా బావమరిది" అని ఉంది. ఆఫీసు భాషే. అయినా ఆ పంక్తి దగ్గర ఆగిపోయాను.

"నువ్వు ఇది పంపితే నేనూ ఒకటి రాయాలి బావా" అన్నాను. "నువ్వు కూర్చోలేదని. నీ మీద కోపంతో, నిన్ను వెక్కిరించడానికి చెక్కానని."

"కోపంతోనే చెక్కావా?"

"అవును."

"అందుకే అంత బాగా కుదిరింది" అన్నాడు. కప్పు నా వైపు జరిపి, "నేను గుర్రాన్ని ఎత్తాను" అన్నాడు. నేను, "ఆ తరువాత నేను అన్న మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఇద్దరం టీ తాగాం. ఇంత చిన్న మాటలకి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో నన్ను అడగకు.

లేవబోతుంటే ఆయన ఆ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చదువుతూ చదువుతూ ఏడో పంక్తిలో ఒక అక్షరదోషం పట్టుకున్నాడు. కొట్టివేతతో కాగితం పంపడం పద్ధతి కాదట, మొత్తం సాఫుగా తిరగరాయాలట. సరే, రాయమన్నాను. తెల్లకాగితాలు అయిపోయాయన్నాడు. వచ్చే నెల ఎప్పుడైనా బజారుకి వెళ్లినప్పుడు తెస్తానన్నాడు, వీలుంటే.

ఆయన వెనకే, బీరువా మీద, విప్పని తెల్లకాగితాల కట్ట ఒకటి తలెత్తితే కనబడేలా ఉంది. ఐదు వందల కాగితాలుంటాయి. ఆయన తల ఎత్తలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.

నువ్వు కూడా చూడకు.

నీ తమ్ముడు